ఒకే వైరస్, రెండు వయసులు: ఎల్‌సీఎం వైరస్ సోకిన చిట్టెలుకలు

పుట్టిన 24 గంటల్లోపు చిట్టెలుక పిల్లకు ఎల్‌సీఎం వైరస్ (ఎలుకల్లో కనిపించే లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ వైరస్) సోకితే, థైమస్ గ్రంథిలో అప్పుడే రూపుదిద్దుకుంటున్న టీ కణాలు (రోగనిరోధక కణాలు) దానిని సొంత శరీరంలో భాగంగానే ఎంచుతాయి కనుక, ఆ పిల్ల జీవితాంతం వైరస్‌ను రక్తంలో మోస్తూనే బతుకుతుంది. అదే వైరస్‌ను ఎదిగిన ఎలుక మెదడులోకి ఎక్కిస్తే అది సాధారణంగా 6 నుంచి 8 రోజుల్లో మరణిస్తుంది. ఇక్కడ ప్రాణం తీసేది వైరస్ కాదు, సోకిన కణాలపై విరుచుకుపడే సీడీ8 టీ కణాలే. వాటిని ముందుగా తొలగిస్తే ఎలుక బతికిపోవడమే ఇందుకు బలమైన రుజువు. 1996లో నోబెల్ పొందిన శాస్త్రవేత్తలు డోహర్టీ, జింకర్‌నాగెల్, వైరస్ సోకిన కణాలను టీ కణాలు ఎలా గుర్తిస్తాయన్న రహస్యాన్ని ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఛేదించింది కూడా ఈ వైరస్‌తోనే. అయినా పుట్టగానే వైరస్ సోకిన ఎలుక పిల్లల స్థితిని క్షేమమని నేను అనలేను: వాటిలో కొద్దిగా పుట్టే ప్రతిరక్షకాలు వైరస్‌తో జతకట్టి, కొన్ని ఎలుక జాతుల్లో మూత్రపిండాలలో పేరుకుని, నెలల తరువాత వాటిని దెబ్బతీస్తాయి.