స్రిమ్: పట్టికలు భేష్, వేకెన్సీల లెక్క దగ్గరే నా కోపం

అనంతపురంలో పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ, ఆ తర్వాత కూడా, అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) ఒక పదార్థంలోకి దూసుకెళ్తే ఏమవుతుందో లెక్కగట్టడానికి స్రిమ్ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. ఇన్‌స్టాల్ చేయడం, టార్గెట్ (అయాన్లు తగిలే పదార్థం) ఎంచుకోవడం అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేకెన్సీల లెక్క గురించి, అంటే అయాన్ తగిలి పరమాణువులు కదిలిపోతే మిగిలే ఖాళీ చోట్ల లెక్క. ఆ ఒక్క చోట ఇది మా ల్యాబ్‌ను బాగా ఏడిపించింది.

ముందు మంచి మాట. భారీ అయాన్ వేగంగా పోతున్నంతసేపూ దాని శక్తి ఎక్కువగా ఎలక్ట్రాన్లకే పోతుంది. నెమ్మదించి ఆగబోయే ముందు మాత్రం పరమాణు కేంద్రకాలతో ఢీకొట్టుకోవడం పెరుగుతుంది. ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో వాడే 100 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) వెండి అయాన్లకు మొదటి నష్టం రెండోదానికి వంద రెట్లకు పైనే ఉంటుంది. అదే అయాన్ 100 కేఈవీకి, అంటే వెయ్యో వంతుకు, దిగేసరికి కేంద్రకాలదే పైచేయి. ఈ రెండు నష్టాలూ, అయాన్ ఎంత లోతున ఆగుతుందన్నదీ ఒకే పట్టికలో క్షణంలో వచ్చేస్తాయి. బీమ్ టైమ్ (యాక్సిలరేటర్ వాడుకునే సమయం) అడిగే ముందు ఆ పట్టిక చూసుకుంటే మాకు టెన్షన్ ఉండేది కాదు.

ఇక గొడవ సంగతి. ఇనుము నమూనాలకు డీపీఏ కావాలి, అంటే ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు తన చోటు నుంచి కదిలిందన్న లెక్క. దాన్ని వేకెన్సీల సంఖ్య నుంచే తీస్తాం. స్రిమ్‌లో ఇందుకు రెండు ఆప్షన్లున్నాయి. నేను కించిన్-పీజ్ క్విక్ పద్ధతిలో, అంటే ఒక సూత్రంతో త్వరగా అంచనా వేసే దానిలో, చేశాను. జూనియర్ ఫుల్ కాస్కేడ్స్, అంటే వరుసగా జరిగే ప్రతి ఢీనీ లెక్కించేది, ఎంచుకున్నాడు. ‘డీటెయిల్డ్’ అని పేరు కనిపిస్తే ఎవరైనా దాన్నే నొక్కుతారు. “అక్కా, నీ లెక్కకు నాది దగ్గర దగ్గర రెండింతలు వస్తాంది” అన్నాడు. అదే అయాన్, అదే శక్తి, అదే డోసు. సాంద్రత చూశాం, యూనిట్లు చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫుల్ కాస్కేడ్స్ రన్ గంటల తరబడి సాగేది. ఎండాకాలం, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలు. ఆ పిల్లాడు రాత్రిళ్లు ల్యాబ్‌లోనే కూర్చున్నాడు.

చివరికి 2013లో స్టోలర్ బృందం రాసిన వ్యాసంలో జవాబు దొరికింది. ఫుల్ కాస్కేడ్స్‌లో వేకెన్సీలు సుమారు రెట్టింపు చూపిస్తాయని, 1975 నాటి ఎన్‌ఆర్‌టీ ప్రమాణంతో (డీపీఏ లెక్కకు అందరూ వాడే సూత్రం) పోల్చే డీపీఏకు క్విక్ పద్ధతే వాడమని అందులో ఉంది. ఇనుముకు స్థానభ్రంశ శక్తి, అంటే ఒక పరమాణువును దాని చోటు నుంచి కదపడానికి కావాల్సిన శక్తి, 40 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు) తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేది 25. ఆ ఆప్షన్ల పక్కన ఒక్క హెచ్చరిక లైను పెట్టి ఉంటే మాకు ఆ పాట్లు తప్పేవి.

పట్టికలు భేష్ అన్నాను. శుద్ధ మూలకాలకైతే ఆ మాట మీదే ఉంటాను. సమ్మేళనాలకు మాత్రం అది సూచించే సాంద్రతను తీసేసి, కొలిచిన విలువ మనమే ఇవ్వాలి. లేకపోతే మైక్రాన్లలో వచ్చే లోతు తప్పుతుంది. పైగా టార్గెట్‌లో పరమాణువులు ఒక వరుస లేకుండా ఉన్నాయనుకునే లెక్క వేస్తుంది. స్ఫటికంలో వరుసల మధ్య సందుల్లోంచి అయాన్ ఇంకా లోతుకు జారిపోవడం దీనికి తెలియదు.

నా పని పాలీక్రిస్టల్ (చిన్న చిన్న స్ఫటికాలు తలోవైపు తిరిగి ఉండే) ఇనుముతో, కాబట్టి ఆ జారుడు నాకు పెద్ద ఇబ్బంది కాదు. పైసా ఖర్చు లేదు, మా పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. కాబట్టి నేను దీన్ని వదలను. ఏకస్ఫటికాల మీద పనిచేసేవాళ్లకు ఇదొక్కటే చాలని మాత్రం అనలేను. డీపీఏ ఇచ్చేవాళ్లు ఏ పద్ధతి, ఎన్ని ఈవీ, ఏ వెర్షన్ అన్నది అంకె పక్కనే రాయండి. మా పేపరు రివిజన్‌కు వచ్చినప్పుడు రిఫరీ (పేపరును పరిశీలించే నిపుణుడు) మొదట అడిగింది అదే.