మినీ ప్రాజెక్టుకి ఈఎస్‌పీ32: బోర్డుకి వంక లేదు, తంటా అంతా కరెంటు దగ్గరే

పొలంలో తేమ చూసి మోటారు వేసేది, గ్యాస్ లీకైతే ఫోన్‌కి కబురు పంపేది, క్లాసులో హాజరు తీసుకునేది... బీటెక్‌లో ఇలాంటి మినీ ప్రాజెక్టు ఏది ఎంచుకున్నా చాలామంది చేతిలోకి చివరికి వచ్చేది ఈఎస్‌పీ32 డెవ్‌కిట్టే, అంటే కోడ్ ఎక్కించి సెన్సర్లనీ మోటార్లనీ నడిపించే చిన్న బోర్డే. ముప్పై పిన్నుల బోర్డు సుమారు 400 నుంచి 500 రూపాయలకి దొరుకుతుంది. ఆ ధరకి ఇంతకన్నా మంచి బోర్డు లేదని మొహమాటం లేకుండా చెప్పొచ్చు. అయితే "కోడ్ అంతా కరెక్టే, అయినా పనిచేయట్లేదు" అని రాత్రి రెండింటికి తల పట్టుకు కూర్చునేవాళ్ల బోర్డు చూడండి. తప్పు కోడ్‌లో కన్నా కరెంటు ఇచ్చిన తీరులోనో, వైరు గుచ్చిన పిన్నులోనో దొరకడమే ఎక్కువ. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ చోటు ఆ రెండింటికే.

షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ ఈ చిప్‌ని 2016లో తెచ్చింది. 240 మెగాహెర్ట్జ్ దాకా నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, మామూలుగా 4 మెగాబైట్ల ఫ్లాష్. వైఫై, బ్లూటూత్ రెండూ లోపలే. ఇలాంటిదే మరో బోర్డు ఆర్డినో ఊనో ఆర్3లో ఉండేది 16 మెగాహెర్ట్జ్, 2 కిలోబైట్ల ర్యామ్. వైఫై కావాలంటే విడిగా మాడ్యూల్ తగిలించాలి. ఒక్క విషయంలో మాత్రం ఊనోదే పైచేయి. అది 5 వోల్టుల బోర్డు కాబట్టి కొత్తవాళ్ల పొరపాట్లని ఓర్చుకుంటుంది. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి, అంత ఓర్పు వాటికి లేదు.

కొనేటప్పుడు పేరు చివర చూసుకోండి. ఎస్3, సీ3 అని వచ్చే కొత్త రకాలు మంచివే గానీ వాటిలో పాత తరహా బ్లూటూత్ లేదు, తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌ఈ రకం ఒక్కటే ఉంది. ఫోన్‌లోని బ్లూటూత్ టెర్మినల్ యాప్‌తో బండి నడిపే ప్రాజెక్టులు చాలావరకు ఆ పాత తరహా మీదే రాసినవి. అలాంటిది చేస్తుంటే అసలు ఈఎస్‌పీ32నే, అంటే రేకు మూత మీద వ్రూమ్-32 అని ఉండేదాన్నే తీసుకోండి. కెమెరాతో వచ్చే ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డుకి యూఎస్‌బీ ఉండదు, కోడ్ ఎక్కించడానికి విడిగా ప్రోగ్రామర్ బేస్ కావాలి. దాన్ని కలిపే అమ్ముతుంటారు, కలిపే కొనండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బోర్డుతోపాటు రెసిస్టర్లు, కెపాసిటర్లు విడివిడిగా దొరుకుతాయి. రెండు రూపాయల రెసిస్టర్ కోసం ఆన్‌లైన్‌లో డెలివరీ చార్జీ కట్టే పని తప్పుతుంది.

బోర్డు వెడల్పు కాస్త చికాకు. మామూలు బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే చిల్లుల పలక) మీద గుచ్చితే ఒక పక్క ఒక్క వరుస చిల్లులు మిగులుతాయి, రెండో పక్క అసలు ఏమీ మిగలదు. రెండు బ్రెడ్‌బోర్డులు తీసుకుని, ఒకదానికి పక్కనుండే పవర్ పట్టీ ఊడదీసి, రెండూ పక్కపక్కన పెట్టి, నడుమ బోర్డుని ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వచ్చేలా గుచ్చితే రెండు పక్కలా కావలసినంత చోటు.

ఇక కోడ్ ఎక్కించడం. కోడ్ రాసి బోర్డుకి పంపే ఆర్డినో ఐడీఈ సాఫ్ట్‌వేర్‌లో బోర్డ్స్ మేనేజర్ తెరిచి, ఎస్‌ప్రెసిఫ్ పేరుతో ఉన్న ఈఎస్‌పీ32 ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయాలి. డౌన్‌లోడ్ పెద్దది, మొబైల్ డేటా మీద పెట్టకండి. బోర్డుగా "ఈఎస్‌పీ32 డెవ్ మాడ్యూల్" ఎంచుకోండి. పోర్టు కనపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా వైర్లు ఉండవు. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలియదు. కేబుల్ మంచిదైతే అప్పుడు డ్రైవర్ సంగతి చూడాలి. యూఎస్‌బీ సాకెట్ దగ్గరున్న చిన్న చిప్ మీద సీహెచ్340 అనో సీపీ2102 అనో ఉంటుంది, దానికి తగ్గది వేయాలి. ఉబుంటు 22.04లో సీహెచ్340 బోర్డు గుచ్చగానే పోర్టు కనిపించి మాయమవుతోందా? అంధులకు బ్రెయిలీ పరికరం నడిపే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని తనదనుకుని పట్టేసుకుంటోంది. ఆ పరికరం మీరు వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

"కనెక్టింగ్" అని చుక్కలు పడుతూ పడుతూ చివరికి "టైమ్డ్ అవుట్" అని ఆగిపోతే బోర్డు పోయిందనుకోకండి. చుక్కలు మొదలవగానే బూట్ బటన్ నొక్కి పట్టుకుని, శాతాలు పరుగెత్తడం మొదలయ్యాక వదలండి. ప్రతిసారీ ఇదే గొడవైతే ఈఎన్ (రీసెట్) పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు ఈఎన్ వైపు. మళ్లీ బటన్ జోలికి పోనక్కర్లేదు. బోర్డు పంపే మాటలు చూపించే సీరియల్ మానిటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తే వేగం 115200 పెట్టి చూడండి.

ఇప్పుడు కరెంటు. వైఫై సిగ్నల్ పంపే క్షణాల్లో ఈ చిప్ ఒక్కసారిగా వందల మిల్లీయాంపులు లాగుతుంది. అదే యూఎస్‌బీ మీద సర్వో మోటారు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కూడా వేలాడుతుంటే వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. సీరియల్ మానిటర్‌లో "బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అన్న లైను కనిపిస్తే జబ్బు ఇదే. ఈ డిటెక్టర్‌ని కోడ్‌లో ఆపేయమని చెప్పే వీడియోలు ఉన్నాయి, ఆ పని చేయొద్దు. చెబుతున్న నోరు మూసినంత మాత్రాన పడిన వోల్టేజీ లేవదు. మోటార్లకి 5 వోల్టుల 2 యాంపుల అడాప్టర్ విడిగా ఇవ్వండి, దాని గ్రౌండుని బోర్డు గ్రౌండుతో తప్పకుండా కలపండి. కలపకపోతే సర్వో ఉన్నచోటే వణుకుతుంది. సర్వో వైర్ల దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పడేస్తే ఇంకా నిలకడ.

బ్యాటరీ దగ్గరా ఇదే కథ. వచ్చే వోల్టేజీని 3.3కి తగ్గించే రెగ్యులేటర్‌గా బోర్డు మీద ఎక్కువగా కనిపించేది ఏఎమ్ఎస్1117. అది 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి దానికన్నా ఒక వోల్టు పైనే ఎక్కువ రావాలి. 18650 లిథియం సెల్ నిండా చార్జ్ అయినా 4.2 వోల్టులే, కాసేపటికి 3.7కి దిగుతుంది. దాన్ని నేరుగా వీఐఎన్‌కి, అంటే బోర్డుకి కరెంటు ఇచ్చే పిన్నుకి కలిపితే వైఫై కలవబోయే సమయానికి బోర్డు పడిపోతుంది. మధ్యలో వోల్టేజీ పెంచే ఎంటీ3608 లాంటి బూస్ట్ మాడ్యూల్ పెట్టండి. బోర్డుకి కలపకముందే మల్టీమీటర్‌తో చూస్తూ దాని స్క్రూ తిప్పి అవుట్‌పుట్ 5 వోల్టులకి తేవాలి. కొత్త మాడ్యూల్ ఎంత మీద ఉంటుందో చెప్పలేం, 20 వోల్టుల మీద ఉన్నా ఆశ్చర్యం లేదు. చిన్న చదరపు 9 వోల్టుల బ్యాటరీ అస్సలు వద్దు. అంత కరెంటు దానివల్ల కాదు, పైగా మిగులు 5.7 వోల్టులూ రెగ్యులేటర్‌లో వేడిగా మారతాయి. వేలు పెడితే చురుక్కుమంటుంది.

పిన్నుల్లో అన్నీ ఒకటి కావు. 6 నుంచి 11 దాకా ఉన్నవి లోపలి ఫ్లాష్‌కి కలిపి ఉంటాయి. 38 పిన్నుల బోర్డులో అవి సీఎల్‌కే, సీఎమ్‌డీ, ఎస్‌డీ0 లాంటి పేర్లతో బయటికి కనపడతాయి, వాటిని ముట్టుకోవద్దు. 34, 35, 36, 39 ఇన్‌పుట్‌కి మాత్రమే. వాటికి ఎల్ఈడీ పెడితే వెలగదు, బటన్ పెడితే లోపల పుల్అప్ (పిన్నుని హైలో పట్టి ఉంచే రెసిస్టర్) లేదు కాబట్టి బయట 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ కావాలి. 12వ పిన్ను బోర్డు ఆన్ అయ్యేటప్పుడు హైలో ఉంటే ఫ్లాష్‌కి 1.8 వోల్టులు ఎంచుకుని బూట్ కాకుండా కూర్చుంటుంది. సెన్సర్ పీకితే బోర్డు ఆన్ అవుతోంది, గుచ్చితే అవట్లేదు అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. బూట్ సమయంలో 0, 2, 5, 15 పిన్నుల స్థితిని కూడా చిప్ చూస్తుంది. డిజిటల్ పనులకి నిశ్చింతగా వాడుకోదగ్గవి 16 నుంచి 19, 21 నుంచి 23, 25 నుంచి 27, 32, 33. ఓఎల్ఈడీ డిస్‌ప్లేకి ఎస్‌డీఏ 21లో, ఎస్‌సీఎల్ 22లో.

అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఏడీసీ2. ఏడీసీ అంటే సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, చిప్‌లో అలాంటివి రెండున్నాయి. నేల తేమ సెన్సర్‌ని 25వ పిన్నులో పెడతారు, అంకెలు చక్కగా వస్తాయి. మర్నాడు వైఫై కోడ్ చేరుస్తారు, అంకెలు ఆగిపోతాయి. నిన్న పనిచేసింది కదా అని సెన్సర్ మార్చేస్తారు. సెన్సర్‌లో తప్పేమీ లేదు. 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 పిన్నులు రెండో ఏడీసీవి, వైఫై నడుస్తుంటే దాన్ని వైఫై వాడుకుంటుంది. వైఫై ఉన్న ప్రాజెక్టులో అనలాగ్ సెన్సర్‌ని 32 నుంచి 35 లోపే గుచ్చండి. ఈ ఏడీసీ కొలత అంత నికార్సు కాదు కూడా. పూర్తిగా కిందా, 3.1 వోల్టులు దాటాక పైనా అంకె సరిగ్గా రాదు. అనలాగ్‌రీడ్‌కి బదులు అనలాగ్‌రీడ్‌మిల్లీవోల్ట్స్ వాడితే ఫ్యాక్టరీ సవరణ కలిసి కాస్త నయంగా వస్తుంది.

హెచ్‌సీ-ఎస్ఆర్04 దూరం కొలిచే సెన్సర్ ఎకో పిన్ను నుంచి 5 వోల్టులు వస్తాయి. నేరుగా ఇవ్వకండి. ఎకో నుంచి 1 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండుకి 2 కిలోఓమ్‌లు పెట్టి, రెండూ కలిసే చోటు నుంచి బోర్డుకి వైరు తీసుకుంటే 3.3 వోల్టులే వస్తాయి. రిలే మాడ్యూల్ ఆఫ్ చేసినా అతుక్కునే ఉంటే కారణం ఈ వోల్టేజీల తేడాయే. జేడీ-వీసీసీ జంపర్ ఉన్న మాడ్యూల్ అయితే ఆ జంపర్ తీసేసి, వీసీసీకి 3.3, జేడీ-వీసీసీకి 5 వోల్టులు ఇవ్వండి. డెమోకి 12 వోల్టుల చిన్న పంపు చాలు, హాస్టల్ టేబుల్ మీద 230 వోల్టుల వైర్లు విప్పి పెట్టుకోవద్దు. నేల తేమకి రెండు లోహపు కాళ్లుండే చౌక సెన్సర్ కొద్ది రోజుల్లో తుప్పు తిని అబద్ధాలు చెబుతుంది. కెపాసిటివ్ రకం తీసుకోండి.

కోడ్ గురించి ఒక్క సంగతి. 2024లో ఈ ప్యాకేజీ 3.0కి మారినప్పుడు ఎల్ఈడీ వెలుగు, మోటారు వేగం తగ్గించి పెంచే పీడబ్ల్యూఎమ్‌కి వాడే లెడ్‌సీసెటప్, లెడ్‌సీఅటాచ్‌పిన్ అనే ఫంక్షన్లు తీసేశారు. పాత వీడియో చూసి కొట్టిన కోడ్ "నాట్ డిక్లేర్డ్" అంటే మీ టైపింగ్‌ని తిట్టుకోకండి. ఆ రెండింటి బదులు లెడ్‌సీఅటాచ్ ఒక్కటే రాసి, అందులో పిన్ను, ఫ్రీక్వెన్సీ, రిజల్యూషన్ ఇవ్వండి. వైఫై, బ్లూటూత్ రెండూ కలిపితే "స్కెచ్ టూ బిగ్" అనడం మామూలే. టూల్స్‌లో పార్టిషన్ స్కీమ్‌ని "హ్యూజ్ యాప్" చేస్తే 3 మెగాబైట్ల చోటు దొరుకుతుంది.

కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ రోజున వైఫై కలవకపోవడం మరో గండం. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 కనపడదు. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరుచుకునే కాలేజీ నెట్‌లోకి ఇది వెళ్లలేదు. అందుకని ఫోన్ హాట్‌స్పాటే దారి. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్ 2.4కి మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో "మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయండి. బోర్డు చివర మెలికలు తిరిగిన గీతే యాంటెన్నా, దాన్ని రేకు డబ్బాలో పెట్టి మూయకండి. హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ అక్షరం మారకుండా కోడ్‌లో ఉన్నట్టే మీ టీమ్‌లో ఇంకొకరి ఫోన్‌లోనూ ముందురోజే పెట్టి ఉంచండి.