గోల్ఫ్ ఆర్, జీటీఐ: పట్టంతా ఒక జాలీ చేతిలో

ఫోక్స్‌వ్యాగన్ ఏడో తరం గోల్ఫ్ కారులో జీటీఐ కొని పవర్ పెంచుకోవాలా, ఇంకాస్త డబ్బు వేసి ఆర్ తీసుకోవాలా అని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: "ఆర్ తీసుకో, నాలుగు చక్రాలూ లాగుతాయి." జీటీఐని లాగేవి ముందు రెండే. రెండూ ట్యూన్ చేసి (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచి) ఏళ్ళ తరబడి వాడాక, ఆ మాట అబద్ధమని అనను. సగమే చెప్పారంటాను.

పొగడాల్సింది ముందు పొగిడేస్తాను. 350 హార్స్‌పవర్ దాటిన కార్లు తడి రోడ్డు మీద సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఈ రెంటికీ పోలికే లేదు. జీటీఐలో మొదటి గేరంతా చక్రాలు గిర్రున తిరగడానికే సరిపోతుంది. రెండో గేర్‌లో స్టీరింగ్ ఒకపక్కకి గుంజుతుంది, మూడో గేర్‌లోనూ చక్రాలు జారుతున్నాయని చెప్పే ట్రాక్షన్ లైటు మిణుకుమంటూనే ఉంటుంది. కారు ముందుకు ఉరికినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, లాగాల్సిన ముందు టైర్ల మీదే భారం తగ్గుతుంది. ఏ ట్యూనూ దీనికి మందు కాదు. ఆర్‌లో పెడల్ తొక్కడమే తరువాయి.

అయితే ఆ వెనక చక్రాలను కలిపేది వెనక డిఫరెన్షియల్‌కు (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లకు) ముందు బిగించిన హాల్డెక్స్ క్లచ్. ఓ చిన్న కరెంటు పంపు నూనెను ఒత్తితే ప్లేట్లు బిగుసుకుని వెనక్కి శక్తి వెళ్తుంది. మొదటి తరాల హాల్డెక్స్‌లో విడిగా మార్చుకునే ఫిల్టరు ఉండేది. ఇందులో ఉన్న అయిదో తరానికి అది లేదు, పంపుకు తొడిగిన సన్నటి జాలీ ఒక్కటే. ప్లేట్ల నుంచి రాలే పొడి నూనెలో కలిసి ఆ జాలీకి పట్టేస్తుంది. నూనె అందని పంపు వేడెక్కి, చివరికి కాలిపోతుంది.

ఒళ్ళు మండేది ఇక్కడే: డ్యాష్‌బోర్డు మీద ఏ హెచ్చరికా రాదు. పంపు పూర్తిగా చచ్చేదాకా చాలాసార్లు ఫాల్ట్ కోడ్ కూడా పడదు. ఆర్ కాస్తా సుమారు వంద కిలోలు ఎక్కువ బరువున్న జీటీఐ అయిపోతుంది, నడిపేవాడికి తెలియదు. అనుమానం ఉంటే కంకర నేల మీద ఆపి గట్టిగా తొక్కి చూడండి. ముందు చక్రాలు రాళ్ళు చిమ్ముతూ వెనకవి కిమ్మనకుండా ఉన్నాయంటే జాలీ చూడాల్సిందే.

మూడేళ్ళకోసారి నూనె మార్చాలని షెడ్యూల్‌లో ఉంటుంది. నూనె ఒక్కటే! సర్వీసు సెంటర్లలో చాలా చోట్ల పాతది దించి కొత్తది పోసి పంపేస్తారు. పంపు ఊడదీస్తేనే అసలు పని అయినట్టు. కారును నాలుగు స్టాండ్ల మీద మట్టంగా నిలబెట్టి, నూనె దించి, కనెక్టర్ పీకి, 5 ఎంఎం అలెన్ బోల్టులు రెండూ విప్పాలి. పంపు పట్టేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తకుండా అటూ ఇటూ తిప్పుతూ లాగండి. జాలీకి కాటుకలాంటి నల్లటి మడ్డి అంటుకుని ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో అవతలి వెలుగు కనబడేదాకా కడగాలి. కొత్త ఓ-రింగులు వేసి బిగించి, నింపే రంధ్రంలోంచి కారేదాకా హాల్డెక్స్ నూనె పోసి, ఇంజన్ కాసేపు తిప్పి మళ్ళీ నింపాలి. లీటరు కూడా పట్టదు. పక్కనే డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ బిరడా ఉంటుంది, తికమకపడి అది ఇందులో పోశారో క్లచ్ ప్లేట్లు పాడవుతాయి. లాంచ్‌లు (నిలబడ్డ చోటు నుంచి ఫుల్ పవర్‌తో ఉరకడం) ఎక్కువ చేసే కారుకు మూడేళ్ళు ఆగొద్దు, ఏడాదికోసారి తీసి చూడండి.

మరి జీటీఐ హాయా? పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్నదాంట్లో వీఏక్యూ అనే ముందు డిఫరెన్షియల్ లాక్ కూడా ఈ కుటుంబమే. అదే తరహా పంపు, అదే జాలీ! అందుకే పెద్ద పవర్ ప్రాజెక్టుకు నేనైతే వీఏక్యూ లేని మాన్యువల్ జీటీఐ ఎంచి మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరగకుండా ఆపేది) వేయిస్తాను. ఈ ఇంజన్‌తో వచ్చే కంపెనీ గేర్‌బాక్స్ క్లచ్ స్టేజ్ 1 (మొదటి మెట్టు) ట్యూన్‌కే జారడం మొదలుపెడుతుంది (ఆర్‌లోనూ అంతే), ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి. రెండు పనులూ ఒకేసారి చేయిస్తే కూలీ మిగులుతుంది. కింది ఇంజన్ మౌంట్‌లో గట్టి ఇన్సర్ట్ వేస్తే చక్రాలు ఎగిరెగిరి పడటం చాలావరకు తగ్గుతుంది. ఆర్‌లోని పెద్ద టర్బో, ఐఎస్38, దీనికి నేరుగా బిగుస్తుంది, ట్యూన్ మాత్రం మార్చాలి.

ఇంత చేసినా నిలబడ్డ చోటు నుంచి లాంచ్‌లో ఆర్‌ను అందుకోలేదు. వేగం అందుకున్నాక మాత్రం ఆర్ పైచేయి కరిగిపోతుంది. అప్పటికి మోసేది ఆ అదనపు బరువు, ఆపైన బెవెల్ బాక్స్ (ముందు నుంచి వెనక్కి శక్తి మళ్ళించే గేర్లు), హాల్డెక్స్, వెనక డిఫరెన్షియల్ నూనెలు మార్చే ఖర్చు. ముందూ వెనకా టైర్ల అరుగుదల బాగా తేడా వచ్చినా హాల్డెక్స్ క్లచ్‌కు ఊరికే పని పడుతుంది, కాబట్టి టైర్లు నాలుగూ ఒకేసారి మార్చుకోవాలి.

చికాగో మంచులోనో, సియాటిల్ వానలోనో రోజూ నడపాలంటే ఆర్ కొనండి, జాలీ మరవకండి. డల్లాస్‌లో ఎండు రోడ్డు మీద, అదీ వారాంతాల్లో తిప్పే కారైతే జీటీఐ చాలనిపిస్తుంది. ఇంట్లో పని చేసుకునే అలవాటు లేకపోతే ఈ లెక్క మారొచ్చు. మన దేశంలో 2020లో 200 మాత్రమే అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్245 ఫ్రంట్ వీల్ డ్రైవే, వీఏక్యూతో వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే పాత బిల్లుల్లో వీఏక్యూ నూనె మార్చిన తేదీతో పాటు పంపు బయటికి తీసినట్టు రాసి ఉందో లేదో చూడండి.