దీవుల సెలవుకి ఏ పడవ ఎక్కాలి? పెద్ద ఓడా, తెరచాప పడవా?

మాది బెజవాడ పటమట. ఏటా కార్తీకంలో ఒక్కసారైనా పున్నమి ఘాట్‌లో లాంచీ ఎక్కి భవానీ ఐలాండ్‌కి పోవడం మా ఇంట్లో ఆనవాయితీ, పోయాక అక్కడ చేసేదేం ఉండదు, పులిహోర తినడం, కాసేపు చెట్టు కింద పడుకోవడం, మళ్ళీ లాంచీ ఎక్కి రావడం, అంతే. ఓసారి అట్టా తిరిగొస్తంటే నది మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. ఓ ఐదు నిమిషాలు. ఆ డబడబా మోత పోయేసరికి నీళ్ళు చెక్కకి తగిలే చప్పుడు, దూరంగా బ్యారేజీ మీద హారన్లు, కొండ మీద అమ్మవారి గుడి మైకు, ఒక్కొక్కటీ విడివిడిగా వినపడ్డం మొదలైంది. సరంగు గొణుక్కుంటూ ఇంజన్ దగ్గర కూర్చున్నాడు, అందరూ కంగారు పడుతున్నారు, మా ఆవిడ మాత్రం "ఏవండీ, ఇట్టా ఇంజన్ లేకుండా నాలుగు రోజులు పోయే పడవలు ఉంటాయా" అంది.

ఉంటాయి. ఆ ఒక్క మాట పట్టుకుని ఇప్పటికి రెండు ట్రిప్పులు వేశాం, మూడోది మా తోడల్లుడు వేసొచ్చి చెవులు చిల్లులు పడేలా చెప్పాడు, నాలుగోది లెక్కలేసి పక్కన పెట్టాం. ఈ మధ్య ఆఫీసులో ముగ్గురు నలుగురు "ఏది మేలు సార్" అని అడుగుతుంటే ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా.

ముందు లక్షద్వీప్. ఇది తెరచాప పడవ కాదు, కొచ్చి నుంచి బయల్దేరే మామూలు డీజిల్ ప్యాసింజర్ ఓడ, కానీ మనకి అందుబాటులో ఉన్నది ఇదే కాబట్టి దీన్నుంచే మొదలెట్టాం. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, పర్మిట్ ఉంటే చాలు, కొచ్చి దాకా బెజవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్, గుంటూరోళ్ళకి శబరి. ఓడ రాత్రంతా నడుస్తుంది, తెల్లారేసరికి దీవి ఎదురుగా ఉంటుంది, పగలంతా దీవిలో, చీకటి పడేసరికి మళ్ళీ ఓడలో. కవరత్తి, కల్పేని, మినికాయ్. మినికాయ్‌లో 1885లో కట్టిన లైట్‌హౌస్ ఉంది, పైదాకా ఎక్కి చూస్తే లోపలి నీళ్ళు లేత పచ్చ, పగడాల దిబ్బ దాటగానే ముదురు నీలం, మధ్యలో తెల్లటి నురగ గీత, ఎవరో గీత గీసినట్టే ఉంటుంది. అక్కడివాళ్ళు మాట్లాడేది మలయాళం కాదు, మహల్ అని మాల్దీవుల భాషకి చుట్టం. మందు అలవాటున్నోళ్ళు ముందే తెలుసుకోండి, బంగారం దీవిలో తప్ప లక్షద్వీప్ మొత్తం నిషేధం.

మరి రెస్ట్ దొరుకుతుందా అంటే, సగం. ఎందుకంటే అంత పెద్ద ఓడ దీవి దగ్గరకి రాలేదు, లోతు చాలదు. బయట సముద్రంలోనే ఆగుతుంది, మనం ఓడ పక్క తలుపులోంచి చిన్న పడవలోకి దిగాలి. ఆ పడవ అలతో పాటు లేస్తది, పడతది. మా అమ్మకి అప్పటికి 68 ఏళ్ళు, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని నిలబడింది, అటో కళాసీ ఇటో కళాసీ ఆవిడ మోచేతులు పట్టుకున్నారు, ఒక అల పోనిచ్చారు, రెండోది పోనిచ్చారు, మూడో దానికి పడవ పైకి లేవగానే "ఇప్పుడు" అన్నారు, అమ్మ కళ్ళు మూసుకుని కాలేసింది. రోజుకి రెండుసార్లు ఇదే. 2017 కార్తీకంలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయిన సంగతి మన ఊళ్ళో ఎవరికీ మర్చిపోయే విషయం కాదు, అమ్మ అయితే పడవ అన్న మాట వింటే ముందు లైఫ్ జాకెట్ గురించే అడుగుతుంది, ఇక్కడ కూడా ఎక్కింది మొదలు దిగేదాకా దాని బకిల్ చేత్తో తడుముకుంటూనే ఉంది. దానికి తోడు అందరూ ఒకేసారి లేవాలి, ఒకేసారి తినాలి, ఒకేసారి దిగాలి. పెళ్ళివారి బస్సులో పోయినట్టు ఉంటుంది. సరదాకి లోటు లేదు, ఖర్చూ తక్కువే, పిల్లలకి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ మా ఆవిడ అడిగింది ఇది కాదు. ఇంజన్ మోత పగలూ రాత్రీ కాళ్ళ కింద వణుకుతూనే ఉంటుంది.

రెండోది థాయ్‌లాండ్‌లో ఫుకెట్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా.

మేమిద్దరం, మా బావమరిది వాళ్ళు, ఆఫీసు ఫ్రెండ్ దంపతులు, మొత్తం ఆరుగురం కలిసి ఒక కాటమరాన్ నాలుగు రాత్రులకి మాట్లాడుకున్నాం, నడిపే కెప్టెన్, వంట చేసే అమ్మాయి దాంతోనే వస్తారు. ఈ కాటమరాన్ అనే మాట ఎక్కడిదో కాదండోయ్, తమిళ కట్టుమరం, మన బందరు తీరంలో జాలర్లు తెప్ప అంటారే ఆ దుంగలు కట్టిన దాని పేరే, తెల్లోళ్ళు పట్టుకెళ్ళి రెండు పొట్టల పడవకి పెట్టుకున్నారు. ఈ రెండు పొట్టలు ఉండటం వల్లే అది పక్కకి ఒరగదు. ఒక్క పొట్ట పడవైతే గాలికి వాలిపోయి నడుస్తుంది, మజ్జిగ గ్లాసు టేబుల్ మీద పెడితే జారి ఒళ్ళో పడుద్ది, చూడ్డానికి అదే అందంగా ఉంటుంది కానీ మొదటిసారి ఎక్కేవాళ్ళు, వాంతుల భయం ఉన్నోళ్ళు కాటమరానే ఎక్కండి.

ఫాంగ్‌నా బే అని ఫుకెట్‌కి ఈశాన్యంగా ఉంటుంది, చుట్టూ నేల, దీవులు అడ్డం ఉండటంతో పెద్ద అలలు లోపలికి రావు. నీళ్ళలోంచి సున్నపురాయి కొండలు నిటారుగా లేస్తాయి, మన ఉండవల్లి కొండని ఎవరో తీసుకెళ్ళి సముద్రంలో గుచ్చినట్టు. కొన్ని కొండల మధ్యలో డొల్ల ఉంటుంది, హాంగ్ అంటారు, వాళ్ళ భాషలో గది అని అర్థం. పోటు పాటు చూసుకుని సరైన టైములో చిన్న రబ్బరు పడవలో వెల్లకిలా పడుకుని గుహలోంచి లోపలికి పోవాలి, రాయి ముక్కుకి జానెడు దూరంలో పోతా ఉంటుంది, మా బావమరిది పొట్ట తగులుతుందేమో అని అందరం నవ్వుకుంటూ పోయాం, లోపలికెళ్ళాక ఎవరికీ నోట మాట రాలేదు. చుట్టూ కొండ గోడ, పైన గుండ్రంగా ఆకాశం, మోకాలి లోతు నీళ్ళలో మడ చెట్లు. జేమ్స్‌బాండ్ ఐలాండ్ అని అందరూ ఫోటోలు దిగే కో తపు దగ్గర పగలు తిరుపతి క్యూ లాగా ఉంటుంది, సొంత పడవ ఉంటే పొద్దున్నే స్పీడ్ బోట్లు రాకముందే చూసేసి రావచ్చు. రాత్రి లంగరేశాక లైట్లు ఆపి నీళ్ళలో చెయ్యి ఆడిస్తే మిణుగురుల్లాగా మెరుస్తుంది.

ఇప్పుడు నిజం చెప్పాలి. తెరచాప పడవ అని ఎక్కాం గానీ నాలుగు రోజుల్లో తెరచాప మీద నడిచింది రోజుకి మూడు గంటలు ఉంటుందేమో. మిగతాదంతా ఇంజనే. ఆ బే లోపల పొద్దుటి పూట గాలి చచ్చిపోయి ఉంటుంది, గాలి లేకపోతే కెప్టెన్ మాత్రం ఏం చేస్తాడు. కానీ రెండో రోజు మధ్యాహ్నం ఈశాన్యం గాలి ఎత్తుకుంది, ఆయన తాడు లాగితే తెరచాప గరగరమంటూ పైకి పోయింది, ముందు టపటపా కొట్టుకుంది, తర్వాత ఒక్కసారిగా పొంగి బిగుసుకుంది, అప్పుడు ఆయన వంగి ఇంజన్ కీ తిప్పేశాడు. మా ఆవిడ నా వైపు చూసింది. పున్నమి ఘాట్ ఐదు నిమిషాలు ఇక్కడ మూడు గంటలు అయ్యాయి, అంతే తేడా, ఆ మూడు గంటల కోసమే నేను మళ్ళీ డబ్బు కడతా.

ఇబ్బందులు లేకపోలేదు. నీళ్ళు ట్యాంకులో ఉన్నంతే, బకెట్ల కొద్దీ స్నానాలు అలవాటైన మన ప్రాణాలకి రెండు నిమిషాల షవర్ అంటే కష్టమే. బాత్రూంలో కాగితం ముక్క కూడా వెయ్యకూడదు, గొట్టం సన్నం, అడ్డం పడితే సెలవంతా కంపే. చెప్పులు ఎక్కగానే బుట్టలో పడేయాలి. మేం చేసిన ఘనకార్యం ఏంటంటే గుంటూరు కారం వేసిన ఆవకాయ సీసా తీసుకెళ్ళాం, మూత సరిగ్గా బిగించలా, తెల్లటి డెక్ మీద ఎర్రటి నూనె కాలవ కట్టింది, పాపం కెప్టెన్ నవ్వుతూనే అరగంట తోమాడు, మరక మాత్రం దిగేరోజుకి కూడా లేత నారింజ రంగులో ఉంది. ఫ్లైట్లు అన్నీ కలిపి మనిషికి లక్షా పాతిక దాకా అయింది మాకు, ఆరుగురం పంచుకున్నాం కాబట్టి. ఇద్దరే అయితే ఆ లెక్క చూసి గుండె ఆగుద్ది. నవంబర్ నుంచి ఏప్రిల్ లోపే పోవాలి, తర్వాత నైరుతి గాలి, వానలు, అటువైపు సిమిలన్ దీవుల పార్కు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు కూడా.

మూడోది మా తోడల్లుడు చేసింది. డల్లాస్‌లో ఉంటాడు, బార్బడోస్ నుంచి రాయల్ క్లిప్పర్ అనే ఓడ ఎక్కి కరీబియన్ దీవులు తిరిగొచ్చాడు. ఇది అసలు సిసలు తెరచాప ఓడ, 2000లో నీళ్ళలోకి దిగింది, ఐదు స్తంభాలు, 42 తెరచాపలు, 134 మీటర్ల పొడుగు, అయినా ఎక్కేది 227 మందే. 1902 నాటి ప్రాయిసెన్ అనే జర్మన్ సరుకు ఓడని చూసి దాని పోలికతో కట్టారు. (మనోళ్ళేం తక్కువ తిన్లేదు, శాతవాహనుల యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంటుంది, పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట.) ఓడ ముక్కు దగ్గర ముందుకి పొడుచుకొచ్చిన దూలం కింద వల కట్టి ఉంటుందంట, అందులో బోర్లా పడుకుంటే కింద సముద్రం చీలుకుంటూ పోతా ఉంటుంది, ఒక్కోసారి డాల్ఫిన్లు. "తెరచాపలు విప్పేటప్పుడు అందరూ డెక్ మీదకి వచ్చేస్తారు అన్నయ్యా, మా ఆవిడకి ఏడుపొచ్చింది" అన్నాడు. అక్కడ చలికాలమంతా తూర్పు గాలి ఆగకుండా వీస్తుంది కాబట్టి తెరచాపకి పని ఉంటుంది, ఫాంగ్‌నాలో లాగా ఎదురు చూడక్కర్లా. టొబాగో కేస్ అనే చిన్న దీవుల దగ్గర తాబేళ్ళతో పాటు ఈదాడు, సెయింట్ లూసియాలో పిటన్స్ అని సముద్రం ఒడ్డునే లేచిన రెండు శిఖరాల ఫోటోలు ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో వారానికోసారి పెడతాడు.

వినడానికి ఇదే అన్నిటికంటే మేలు. కానీ డల్లాస్ నుంచి బార్బడోస్ వేరు, గన్నవరం నుంచి బార్బడోస్ వేరు. అమెరికా, లండన్ లాంటి చోట్ల మీదుగా పోవాలి, ట్రాన్సిట్ వీసా గొడవ, పోను రాను చెరో రెండు రోజులు గాల్లోనే, నడుము విరిగాక రెస్ట్ ఏంటి. అమెరికాలో పిల్లలున్నోళ్ళు మాత్రం అక్కడికి వెళ్ళినప్పుడు దీన్ని కలుపుకోండి, జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల సీజన్ కాబట్టి ఆ నెలలు వదిలేసి. ఓడ అల మీద ఊగుతుంది అన్నది కూడా గుర్తుపెట్టుకోండి, వాడు మొదటి రాత్రి అల్లం ముక్క నములుతూ డెక్ మీదే కూర్చున్నాడంట.

నాలుగోది ఆఫ్రికాకి తూర్పున హిందూ మహాసముద్రంలో ఉన్న సీషెల్స్, క్లుప్తంగా. 115 దీవులు, వాటిలో మాహే, ప్రాలిన్, లా డిగ్ చుట్టూ కాటమరాన్లు తిరుగుతాయి, దూరాలు తక్కువ. ప్రాలిన్‌లో వాలీ ద మే అడవిలో జంట కొబ్బరికాయ కాస్తుంది, కొన్ని 20 కిలోలు కూడా దాటతాయి. విక్టోరియా ఊళ్ళో వినాయకుడి గుడి ఉందని చెబితే మా అమ్మ వెంటనే "అయితే అక్కడికే పోదాం" అంది. గుండ్రటి గ్రానైట్ బండల బీచిలు ఫోటోల్లో చూస్తే ఫుకెట్ మర్చిపోతాం. కానీ పిల్లల్ని కూడా తీసుకెళ్ళాలంటే సెలవు దొరికేది మేలో వాళ్ళ పరీక్షలయ్యాకే, అప్పటి నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ఆగ్నేయం గాలి గట్టిగా వీస్తుంది, సముద్రం లేస్తుంది. గాలి మరీ ఎక్కువా కాదు మరీ తక్కువా కాదు అనే నెలలు ఏప్రిల్, అక్టోబర్, ఆ చుట్టుపక్కల. ఖర్చు కూడా ఫుకెట్‌కి బాగా పైనే పోయింది. అందుకని పిల్లలు కాలేజీలకి పోయాక చూద్దాం అని వదిలేశాం.

నన్నడిగితే, పెద్దోళ్ళు పిల్లలు అందరూ కలిసి పోవాలి, ఖర్చు అదుపులో ఉండాలి అంటే లక్షద్వీప్, కానీ మోకాళ్ళ నొప్పులున్నోళ్ళని ఆ చిన్న పడవ ఎక్కించొద్దు. మూడు జంటలు కుదిరి డిసెంబర్, జనవరిలో వారం సెలవు దొరికితే కళ్ళు మూసుకుని ఫాంగ్‌నా కాటమరాన్, గాలి పడిపోతే తిట్టుకోకండి. తెరచాప పిచ్చి నిజంగా ఉండి డబ్బూ ఓపికా ఉన్నోళ్ళకి ఆ ఐదు స్తంభాల ఓడే. హనీమూన్ వాళ్ళు సీషెల్స్ పోండి, నన్నెందుకు అడుగుతారు.

ఎక్కడికి పోయినా పడవ ఎక్కే ముందు రోజు రాత్రి బిర్యానీ జోలికి పోకండి, అవోమిన్ అనే వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి దగ్గర పెట్టుకోండి, తల తిరిగితే ఫోన్ చూడ్డం ఆపి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ కూర్చోండి, కిందకి గదిలోకి దిగితే ఇంకా ఎక్కువవుద్ది.

మేం మళ్ళీ జనవరికి ఫుకెట్టే బుక్ చేశాం, అదే పడవ, అదే కెప్టెన్ దొరికాడు. డబ్బు కట్టిన మర్నాడే ఆయన దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది, వెల్‌కమ్ అని ఉంది, దాని కింద ఒక సీసా బొమ్మ, పక్కన ఎర్రటి అడ్డగీత. మా ఆవిడ ఈసారి కందిపొడి కొడుతోంది.