సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోలు కారు కొనేవారు జాగ్రత్త: ‘స్కాన్‌లో ఏమీ లేదు’ అన్న మాట నమ్మి నేను కొన్న బండి

నల్గొండలోను, చుట్టుపక్కల పట్టణాల్లోను పాత టర్బో పెట్రోలు కారు చూస్తున్నవారు బయానా ఇచ్చే ముందు ఇది చదవవలసిందిగా మనవి. దసరాకు ముందు ఇక్కడి ఒక పాత కార్ల వ్యాపారి వద్ద ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారును 4 లక్షల 80 వేల రూపాయలకు కొన్నాను. ఆయన పేరు రాయడం లేదు. లోపాన్ని ఎలా దాచారో, దానిని మీరెలా పట్టుకోవచ్చో చెప్పడమే నా ఉద్దేశం.

నేను చూడటానికి వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంది, బానెట్ చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడుస్తుండగా, స్టీరింగ్ వణుకుతోందేమని అడిగితే, “మూడు సిలిండర్ల బండి సార్, గట్లనే ఉంటది” అన్నారు. అందులో సగం నిజం ఉంది కనుకనే నమ్మాను. ఆ రకం ఇంజిన్‌కు కొంత వణుకు సహజమే గాని, అది ఒకే తీరుగా ఉండాలి. నా బండిలో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో) చూపే ముల్లు 700 నుంచి 1,000 దాకా లేస్తూ పడుతూ ఉంటే, ఏసీ వల్ల కాబోలునని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పైగా వారే స్కానర్ పెట్టి, ఫాల్ట్ కోడ్ (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసే లోపం గుర్తు) ఒక్కటీ లేదని చూపించారు.

నెల తిరగకముందే శ్రీశైలం వెళ్లి వస్తూ, లింగాలగట్టు వంతెన దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుండగా బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా బానెట్ లోపలి నుంచి ఈల వంటి శబ్దం పెరిగిందే తప్ప వేగం పెరగలేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. రెండో గేరులోనే దోమలపెంట దాకా వచ్చాము.

మొదట చూపించిన గ్యారేజీలో పి0299 కోడ్ చూసి, టర్బో పోయిందని, 70 వేలు అవుతుందని చెప్పారు. ఇక్కడ తొందరపడవద్దు. రావలసినంత గాలి ఒత్తిడి రావడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. టర్బో చెడినా, క్లిప్పు ఊడినా, పైపు పగిలినా, వేస్ట్‌గేట్ (టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలే చిన్న తలుపు) సరిగా మూసుకోకపోయినా అదే రావచ్చు. అదే స్కాన్‌లో పి0171 కూడా ఉంది, అంటే పెట్రోలుకు తగిన మోతాదును మించి గాలి లోపలికి వెళుతోందన్నమాట. దానిని వారు పట్టించుకోలేదు.

మిర్యాలగూడలో ఒక పెద్దాయన టర్బోను ముట్టకుండా, ముందు ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోకి, యంత్రంతో పొగ ఎక్కించారు. కాసేపటికి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) వెనుక సందులోంచి సన్నగా పొగ లేచింది. అద్దం పెట్టి చూస్తే, క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగం) ఆవిరులను మానిఫోల్డ్‌లోకి తీసుకువెళ్లే బ్రీదర్ పైపుకు నల్ల టేపు చుట్టి ఉంది. చుట్టూ ఇంజిన్‌కు ఏళ్ల నాటి జిడ్డు, దుమ్ము పట్టి ఉండగా టేపు మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది. విప్పితే పైపు వంపు దగ్గర అంగుళం పొడవున చీలిక కనిపించింది. ఐడిల్‌లో మానిఫోల్డ్ గాలిని పీల్చుకుంటుంది కనుక సెన్సార్ కొలవని గాలి ఆ చీలికలోంచి దూరి ఇంజిన్ తడబడేది. గట్టిగా తొక్కినప్పుడు టర్బో నెట్టిన గాలి అదే చీలికలోంచి బయటికి పోయేది. పైపు, కూలి కలిపి 2,600 రూపాయలైంది. ముల్లు ఇప్పుడు కదలడం లేదు.

మరి కొన్ననాడు స్కాన్ శుభ్రంగా ఎలా ఉంది? కోడ్లను అంతకు ముందే చెరిపేసి ఉంటారని ఆ పెద్దాయన అన్నారు. చెరిపినప్పుడు ఇంజిన్ కంప్యూటర్ చేసుకునే స్వీయపరీక్షల ఫలితాలు కూడా పోతాయి. అవి మళ్లీ పూర్తి కావడానికి చల్లటి స్టార్ట్‌తో సహా కొన్ని ప్రయాణాలు పడుతుంది. కనుక స్కానర్‌లో ‘రెడీనెస్’ అనే పేజీ తెరిచి చూపించమనండి. పరీక్షలు చాలావరకు అసంపూర్ణమని ఉంటే, ఇటీవల కోడ్లు చెరిపారనో బ్యాటరీ తీశారనో అర్థం.

పొద్దున్నే వెళ్లి, బానెట్ చల్లగా ఉండగా మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. తరువాత నలుగురిని ఎక్కించుకుని, మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి చూడండి. ఖాళీ బండిని చదునైన దేవరకొండ రోడ్డు మీద నడిపి నేను చేసిన పరీక్ష ఎందుకూ కొరగాలేదు. ఇక టర్బో మార్చాలని ఎవరైనా అంటే, ముందు పైపు తీసి టర్బో షాఫ్ట్‌ను (రెక్కలు బిగించిన ఇరుసును) కదిలించి చూపమనండి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే గాని ముందుకు వెనక్కు ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకోకూడదు.

వ్యాపారిని అడిగితే, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని నేను సంతకం చేసిన కాగితం తీసి చూపారు. చీలిన పైపు, టేపు, రెండు స్కాన్ల ఫోటోలు ఒక కవరులో పెట్టాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే ఫిర్యాదు వేయవచ్చు, ఆ కాగితాలు ఇప్పుడు రాస్తున్నాను.