జింకను ఇంట్లోనే కోసుకోవడానికి ఎనిమిది సీజన్లుగా వాడుతున్న సామాను

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు ఉంటుంది. 2017 నుంచి 2024 దాకా ఒక్క సీజన్ కూడా వదల్లేదు. మ్యాడిసన్‌కు పడమర వైపు, ఐయోవా కౌంటీలో ఒక స్నేహితుడి పొలం ఉంది. కోత అయిపోయిన మొక్కజొన్న చేను, దాని వెనక ఓక్ చెట్ల గుట్ట. ఈ ఎనిమిదేళ్లలో అక్కడ పదకొండు తెల్లతోక జింకలు కొట్టాను. మొదటిదాన్ని మాంసం దుకాణానికి ఇచ్చాను. మిగతా పదీ మా గరాజ్‌లోనే వలిచి, కోసి, ప్యాక్ చేశాను. ఏ కత్తి కొనాలి, ఏ గ్రైండర్ నిలుస్తుంది అని ఏటా మనవాళ్లు నలుగురైదుగురు అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు చట్టం మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను చంపడం నేరం, మాంసం దగ్గర పెట్టుకోవడమూ నేరమే. ఇక్కడ చెప్పేదేదీ అక్కడ పనికొచ్చేది కాదు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాస్ కావాలి. లైసెన్స్ కొనాలి. నడుం పైన బట్టల్లో సగమైనా మెరిసే నారింజ రంగో, గులాబీ రంగో ఉండాలి. కొట్టిన జింకను మర్నాడు సాయంత్రం 5 గంటల్లోపు రిజిస్టర్ చేయాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడగకుండా తుపాకీ ముట్టుకోవద్దు. నేనైతే గ్రీన్ కార్డ్ చేతికొచ్చాకే మొదలుపెట్టాను.

ఇక కత్తులు. ఎక్కువ డబ్బు తగలేసిందీ, ఎక్కువ నేర్చుకున్నదీ వీటి దగ్గరే.

మొదట కొన్నది బ్లేడు మార్చుకునే రకం. ఆపరేషన్ కత్తిలా సన్నగా ఉంటుంది, మొద్దుబారితే తీసేసి కొత్తది తొడుక్కోవడమే. పదును చూసి మురిసిపోయాను. 2018లో రెండో జింక. చీకటి పడింది, తలకు కట్టుకున్న లైటు వెలుగులో పొట్ట శుభ్రం చేస్తున్నాను. తుంటి ఎముక దగ్గర బ్లేడు కొంచెం పక్కకు ఒరిగింది, టప్ మని చిన్న చప్పుడు. బయటికి తీసి చూస్తే కొన అంగుళం మేర లేదు. లోపలంతా వేడి రక్తం, బయట మైనస్ 8 డిగ్రీలు, ఆ ముక్క ఎక్కడుందో తెలియదు. చెయ్యి పెట్టాలంటే భయం, పెట్టకుండా వదిలేస్తే రేపు పిల్లల కంచంలోకి వస్తుందన్న టెన్షన్. ఇరవై నిమిషాలు వెతికాను. తొడ కండలో నిలువుగా దిగి ఉంది. నా చూపుడు వేలికీ దానికీ మధ్య అర అంగుళం కూడా లేదు.

ఆ రోజు నుంచి పొట్ట విప్పడానికి మోరా కంపానియన్ ఒక్కటే వాడుతున్నాను. స్వీడన్‌లో తయారవుతుంది, నాలుగంగుళాల స్టెయిన్‌లెస్ బ్లేడు, రబ్బరు పిడి. ఇరవై డాలర్లలోపే కొన్నాను. చెయ్యి రక్తంతో తడిసినా పిడి జారదు. ఏడేళ్లలో తొమ్మిది జింకలకు అదే కత్తి, సీజన్‌కు ఒక్కసారి రాయి మీద సాన పడతాను. బ్లేడు మార్చే కత్తిని పారేయలేదు. దాని సంగతి తల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

పొట్ట విప్పే పని ఇలా చేస్తాను. జింకను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింద చిన్న గాటు పెడతాను. ఆ గాట్లోకి ఎడమ చేతి రెండు వేళ్లు పోనిచ్చి చర్మాన్ని పైకి లేపి, ఆ వేళ్ల మధ్యలోంచి పదును ఆకాశం వైపు ఉండేలా కత్తిని తోక దాకా నడుపుతాను. పదును కిందికి ఉంటే పొట్ట సంచి చిరుగుతుంది, అందులోని పచ్చి మేత మాంసం మీద పడితే ఆ వాసన వదలదు. మూత్రం తిత్తి దగ్గర ఇంకా జాగ్రత్త. మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి వదులు చేశాక, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న పలచటి తెరను పక్కటెముకల వెంట కోస్తాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి గొంతు గొట్టం పట్టుకుని తెంపి లాగితే గుండెకాయ, కార్జం, పేగులు అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. మోచేయి దాటే పొడుగు గ్లోవ్స్ తప్పనిసరి. మొత్తం పదిహేను నిమిషాల పని. ఇందులో ఆలస్యం చేస్తే ఎంత మంచి కత్తి ఉన్నా లాభం లేదు, ఒంట్లో వేడి బయటికి పోకపోతే మాంసం పాడవడం మొదలవుతుంది.

వలవడం నాకు అమెరికాలో ఎవరూ నేర్పలేదు. నల్గొండ దగ్గర మా ఊళ్లో పండక్కి యాట కోస్తే మా పెద్దనాయనే వలిచేవాడు. "కత్తి తక్కువ, పిడికిలి ఎక్కువ ఉండాలె రా" అనేవాడు. జింకకూ అదే మాట. గరాజ్ దూలానికి కప్పీ బిగించి, వెనక కాళ్ల నరం సందులో ఇనుప కొక్కెం కర్ర దూర్చి పైకి లాగుతాను. తొడల దగ్గర నాలుగు గాట్లు పెట్టాక తోలుకీ కండకీ మధ్య పిడికిలి దూర్చి కిందికి నొక్కుతూ పోతే తోలు చొక్కా విప్పినట్టు వస్తుంది. ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడే చేయాలి. 2019లో మర్నాటికి వాయిదా వేస్తే గడ్డకట్టి, గంటలో అయ్యే పని మూడు గంటలు పట్టింది. కప్పీ నాలుగు తాళ్ల రకం కొనండి, ఒక్కరే లాగొచ్చు.

కోతకు వాడేది విక్టోరినాక్స్ ఆరంగుళాల బోనింగ్ కత్తి, అంటే ఎముక నుంచి మాంసం విడదీసేది. రంపం నేను వాడను. జబ్బకు ఎముక కీలు ఉండదు, ఒట్టి కండతోనే అతుక్కుని ఉంటుంది, కాలు పక్కకు లాగి నాలుగు కోతలు కోస్తే ఊడి వస్తుంది. వెన్నుకు రెండు వైపులా పొడుగ్గా ఉండే కండలు, లోపలి మెత్తటి కండలు ముందు తీసేస్తాను. తొడలో కండకూ కండకూ మధ్య తెల్లటి పొర ఉంటుంది, దాని వెంట వేలు పోనిస్తే దేనికది విడిపోతుంది. కొవ్వు మొత్తం తీసేయండి. మేక కొవ్వు లాంటిది కాదు, మైనంలా నోటి పైభాగానికి అంటుకుంటుంది. 2022లో కొట్టిన పోతు పేగులు తీశాక 130 పౌండ్లు తూగింది, ఎముక లేకుండా వచ్చిన మాంసం 55 పౌండ్లు, అంటే 25 కిలోలు.

రంపం వాడకపోవడానికి కారణం సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్). జింకల మెదడును తినేసే జబ్బు, ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రోటీన్ల వల్ల వస్తుంది. వండినా ప్రియాన్లు చావవు. విస్కాన్సిన్‌లో మొదటిసారి 2002లో మౌంట్ హోరెబ్ చుట్టుపక్కల బయటపడింది, అది మేం వేటాడే పొలానికి దగ్గరే. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, కానీ పాజిటివ్ వచ్చిన జింకను తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే మెదడు, వెన్నుపాము మాంసానికి అంటకుండా వెన్నెముక కోయను, తల పగలగొట్టను, ప్రతి తలనూ రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) వాళ్ల పరీక్షకు ఇస్తాను. ఉచితం. గొంతు దగ్గరి గ్రంథులు తీసి చూస్తారు. 2020లో కొమ్ములకు ఎనిమిది కొనలున్న పోతు, చూడ్డానికి ఎంతో ఆరోగ్యంగా ఉంది. ప్యాకెట్లన్నీ కట్టి ఫ్రీజర్లో పెట్టాక రెండు వారాలకు పాజిటివ్ అని వచ్చింది. మొత్తం మాంసం పారేశాం. ఆ ప్యాకెట్లు ఒక్కొక్కటే సంచిలో వేస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడింది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అప్పటినుంచి ప్రతి ప్యాకెట్ మీదా ఏ జింకదో నంబరు రాస్తున్నాను, ఫలితం రాకుండా ఒక్కటీ విప్పను. అమ్మ వచ్చినప్పుడు "బొక్క లేకుంటే అదేం కూర బిడ్డా" అంటుంది. ఈ ఒక్క విషయంలో అమ్మ మాట వినలేదు.

2020 నుంచే సీసం తూటాలు మానేసి రాగివి వాడుతున్నాను. సీసం తగిలినచోట పొడిపొడిగా విడిపోయి కండలోకి చాలా దూరం పోతుంది. కీమా తినేది పిల్లలు.

గ్రైండర్ రెండోది నడుస్తోంది. మొదటిది చవకది, లోపల పళ్లచక్రాలు ప్లాస్టిక్. మూడో సీజన్‌లో తెల్ల పొర చుట్టుకుని పళ్లు అరిగిపోయాయి. ఇప్పటిది ముప్పావు హార్స్‌పవర్, 12 నంబరు సైజు, చక్రాలన్నీ లోహం, ఐదేళ్లుగా మారు మాట లేదు. ఏ గ్రైండర్ అయినా మాంసం సగం గడ్డకట్టాకే వేయండి, మెత్తగా ఉంటే కీమా రాదు, ముద్ద వస్తుంది. వాక్యూమ్ సీలర్ ఒక మోస్తరుది చాలు. కండల్ని గంటసేపు ఫ్రీజర్లో పెట్టి తర్వాత సీల్ చేస్తే నీళ్లు లాగదు, అతుకు గట్టిగా పడుతుంది. రెండేసి అతుకులు వేస్తాను. ఏడాదిన్నర తర్వాత విప్పిన ప్యాకెట్ కూడా బాగుంది. కీమా గోంగూరతో వండితే మేక కీమా గుర్తు రాదు, నూనె మాత్రం ఒక గరిటె ఎక్కువ పడుతుంది. వెన్ను కండను మటన్‌లా ఉడికించకండి, తోలు అవుతుంది. పెనం మీద అటు మూడు నిమిషాలు, ఇటు మూడు నిమిషాలు చాలు. ఉప్పుకండ కూడా పెడతాను, ఎండ బదులు డీహైడ్రేటర్. ముక్కల్ని ముందు 71 డిగ్రీల దాకా వేడి చేసి తర్వాత ఎండబెట్టాలి.

తల సంగతి. గోడకు తగిలించుకుందామని మొదటి పుర్రెను 2018లో గలగలా మరిగించి, తెల్లబడాలని బట్టల బ్లీచ్‌లో ముంచాను. ముక్కు దగ్గరి సన్నటి ఎముకలు ఊడిపోయాయి, ఏడాది తిరిగేసరికి సుద్దలా రాలడం మొదలైంది. రెండోసారి పద్ధతి మార్చాను. పరీక్ష ఫలితం వచ్చాక, నీళ్లు తెర్లకుండా వేడిమీద ఉంచి, కొంచెం వాషింగ్ సోడా వేసి, మాంసం వదిలేదాకా ఓపిక పట్టాను. కొమ్ములు నీళ్లకు తగలకూడదు, రంగు పోతుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో మూడు వారాలు, నీళ్లు మారుస్తూ. ఈ మెట్టు తొందరపడితే ఎముకలో మిగిలిన కొవ్వు వేసవిలో పసుపు మరకలై బయటికి వస్తుంది. చివరికి బ్యూటీ షాపుల్లో దొరికే 40 వాల్యూమ్ పెరాక్సైడ్ క్రీమ్ బ్రష్‌తో రాసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి ఒక రోజు ఉంచాను. 2021లో చేసిన ఆ పుర్రె నాలుగేళ్లయినా తెల్లగానే ఉంది.

తోలు ఉంచి, మెడతో సహా తలను బొమ్మలా నింపి గోడకు పెట్టడం వేరే పని. 2023లో చేసిన మొదటిది పాడైంది. తోలుకు ఉప్పు పట్టించడం ఒక్క రోజు ఆలస్యం చేశాను, చెవుల దగ్గర వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా చేతికి వచ్చాయి. కళ్లు, పెదవులు, ముక్కు చుట్టూ తోలు వలిచేటప్పుడు మాత్రం ఆ బ్లేడు మార్చే కత్తిని మించింది లేదు. అక్కడ ఎముక మీద బరువు పడదు, సన్నటి పదునే కావాలి. కనురెప్ప వెంట్రుక వాసి తేడాతో తెగకుండా వచ్చేది దానితోనే.

2024 పోతు తోలుకు అదే రాత్రి అయోడిన్ లేని సన్న ఉప్పు, తోలు ఎంత బరువుంటే అంత ఉప్పు, రుద్దాను. తోలును ట్యానింగ్ చేయించి తెప్పించాక, మెడ చుట్టుకొలత, ముక్కు నుంచి కంటి దాకా కొలిచిన కొలత రెండూ చూసి ఫోమ్ బొమ్మ కొన్నాను. గాజు కళ్లు మట్టిలో అమర్చి, చెవుల్లో మెత్తటి ఎముక తీసేసి ప్లాస్టిక్ రేకులు పెట్టి, జిగురు పూసి తోలు తొడిగాను. ఇప్పుడు ఆరుతోంది. ఎడమ చెవి మడత రోజూ కొంచెం లేస్తోంది, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే ముందు ఒక గుండుసూది మార్చి గుచ్చుతున్నాను. ఇంకో పది రోజులు పట్టేట్టుంది.