ఢిల్లీ బండిలో ఊలు అల్లిక: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. భార్యాభర్తలు ఒక పగలూ ఒక రాత్రీ సాగే రైలు ప్రయాణంలో అల్లిక వెంట తీసుకెళ్లాలంటే 80 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది (రెండు మొనల్ని తీగ కలిపే సూది) ఒకటి, లేత రంగు ఊలు ఉండలు రెండు, పిల్లల టోపీ లాంటి చిన్న పని చాలు. స్వెటర్లు, దుప్పట్లు, లెక్కపెట్టుకుంటూ అల్లాల్సిన డిజైన్లు ఇంట్లోనే ఉంచండి. నేను ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నాను.

మా అమ్మాయి ఢిల్లీలో స్థిరపడ్డప్పటి నుంచి ఏటా చలికాలం ముందు నేనూ మావారూ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. పొద్దున్నే ఆరింటికి నాంపల్లిలో బయల్దేరి మర్నాడు పొద్దున న్యూఢిల్లీలో దింపుతుంది. ఒకప్పుడు దీని పేరు ఏపీ ఎక్స్‌ప్రెస్. 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది, ఏపీ ఎక్స్‌ప్రెస్ పేరు ఇప్పుడు విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లే బండిది. మావారు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు. విమానంలో రెండున్నర గంటల్లో వెళ్లిపోవచ్చు కదా అని అమ్మాయి ప్రతిసారీ అంటుంది. విమానంలో ఏం అల్లుతాం? పైగా సెక్యూరిటీ దగ్గర సూదులు చూసి ఏమంటారో అని టెన్షన్. రైల్లో అయితే పగలు పన్నెండు గంటలు కిటికీ వెలుతురు దొరుకుతుంది. ఇంట్లో నాకు అంత పొడుగు సమయం ఒకేసారి ఎప్పుడూ దొరకదు. కుక్కర్ కూత, పాలవాడు, ఫోన్లు, ఏదో ఒకటి మధ్యలో లేపుతూనే ఉంటుంది.

ఇక సూదుల సంగతి. దీని గురించే ఎక్కువ చెప్పాలి.

మా తరంలో అందరూ నిలువు సూదులతోనే నేర్చుకున్నాం, వెనక బొడిపె ఉన్న జత. పోనీ కంపెనీ అల్యూమినియం సూదులు, 10 నంబరూ 11 నంబరూ, నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. నీలగిరుల్లోని కేట్టిలో తయారయ్యే ఈ సూదులు దక్షిణాదిలో తెలియని ఇల్లు ఉండదేమో. ఎన్నేళ్లు వాడినా వంకర పోలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని అల్లడానికి ఈ రోజుకీ అవే నాకు ఇష్టం. కానీ రైల్లో 35 సెంటీమీటర్ల సూదులు రెండు అటూ ఇటూ పొడుచుకొస్తాయి. పక్కన కూర్చున్న మనిషికి మోచెయ్యి తగులుతుందేమో అని మనమే ముడుచుకుని కూర్చుంటాం. వరస మధ్యలో సూది జారిందంటే బెర్త్ కింద సామాన్ల వెనక్కి దొర్లిపోతుంది.

సర్క్యులర్ సూదికి ఆ బెడద లేదు. రెండు చిన్న మొనలు, మధ్యలో మెత్తటి తీగ. బరువంతా ఒళ్లో పడుతుంది, మణికట్టు మీద పడదు. స్టేషన్ వచ్చి లేవాల్సి వస్తే కుట్లన్నీ తీగ మీదికి తోసేసి సంచిలో పడేస్తే చాలు, ఒక్క కుట్టు కూడా జారదు. గుండ్రంగానే కాదు, మామూలు బల్లపరుపుగా అటూ ఇటూ తిప్పి అల్లడానికీ ఇదే పనికొస్తుంది. ఈ విషయం తెలియక చాలామంది సర్క్యులర్ అంటే టోపీలకే అనుకుంటారు.

మొన ఏ రకానిది కావాలన్నది ఇంకో ప్రశ్న. ఇంట్లో నాకు లోహపు మొనలే హాయి, చెయ్యి వేగంగా సాగుతుంది. బండిలో మాత్రం కర్ర మొనలు తీసుకెళ్తాను. ఈ మధ్య వచ్చే ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పెట్టెలు పరిగెత్తేటప్పుడు నిమ్మళంగానే ఉంటాయి కానీ బండి కదిలేటప్పుడు, ఆగేటప్పుడు ఒక కుదుపు ఇస్తాయి. ఆ కుదుపుకి నునుపైన లోహం మీద కుట్లు సర్రున జారతాయి, కర్ర మీద నిలబడతాయి. మన దేశంలోనే తయారయ్యే నిట్‌ప్రో వాళ్ల రంగురంగుల కర్ర సూదులు నాకు బాగా కలిసొచ్చాయి. మొన ఇంతకాలానికీ పొరలు లేవలేదు. సన్న సైజుల్లో మాత్రం కర్ర వద్దు, 3 మిల్లీమీటర్ల లోపు కర్ర సూది బిగుతుగా అల్లేవాళ్ల చేతిలో విరిగే ప్రమాదం ఉంది.

మొనలు విప్పి మార్చుకునే సెట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక సెట్ నేనూ కొన్నాను, పేరు చెప్పను. మర బిగిసినట్టే ఉండి అల్లుతుంటే మెల్లగా వదులవుతుంది. ఆ సందులో ఊలు చిక్కుకుంటుంది, లేదంటే మొన ఊడి చేతికొచ్చి పదీ పదిహేను కుట్లు ఒక్కసారే వదిలేస్తుంది. కదిలే బండిలో ఆ కుట్లు ఏరుకోవడం నరకం. మంచి సెట్లతో పాటు మర బిగించడానికి చిన్న తాళం చెవి లాంటిది ఇస్తారు, అది తప్పకుండా వాడాలి. రైలుకి మాత్రం నా సలహా మొన, తీగ విడదీయలేని సూదే. కొత్త సూది తీగ చుట్టలు చుట్టుకుని విసిగిస్తుంటే ఒక నిమిషం వేడి నీళ్లలో ముంచి, సాగదీసి ఆరనివ్వండి. సాపు అవుతుంది.

సైజుల గురించి ఒక మాట. మన దుకాణాల్లో పాత ఇంగ్లండు నంబర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి, నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 11 నంబరంటే 3 మిల్లీమీటర్లు. అమెరికా డిజైన్లలో 8 నంబరంటే 5 మిల్లీమీటర్లు. అందుకే వీడియో చూసి అల్లేవాళ్లు మిల్లీమీటర్లే పట్టించుకోండి. కొన్నాళ్లకు సూది మీద అచ్చు చెరిగిపోతుంది. చిల్లుల కొలతబద్ద ఒకటి ఇంట్లో ఉంటే ఏ సూది ఏదో తెలుస్తుంది.

రైలుకి టోపీయే ఎందుకు అంటున్నానో వివరంగా చెప్తాను. డీకే (మరీ సన్నం కాని, మరీ లావు కాని) మందం ఊలు, 4 మిల్లీమీటర్ల సూది అయితే నా చేతి బిగువుకి పది సెంటీమీటర్లకు 22 కుట్లు పడతాయి. 96 కుట్లతో మొదలుపెడితే చుట్టుకొలత 44 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. అల్లిక సాగుతుంది కాబట్టి 50 సెంటీమీటర్ల తలకి పట్టుకుని కూర్చుంటుంది. సూది 80 సెంటీమీటర్లు కదా, మిగిలిన తీగని కుట్ల మధ్యలోంచి ఉచ్చులా బయటికి లాగి ఉంచుకుని అల్లాలి. 96 అన్న అంకె నాకు ఎందుకు ఇష్టమంటే, రెండు నిట్ (సూటి కుట్లు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్లు) వేసే రిబ్బుకి, అంటే సాగే అంచు పట్టీకి, నాలుగుతో భాగిస్తే మిగులు లేదు, పైన తగ్గింపులకి ఎనిమిది భాగాలు చేస్తే భాగానికి పన్నెండు. ప్రతి తగ్గింపు వరసలో ఎనిమిది కుట్లు తగ్గుతాయి. అలాంటి వరసలు పదకొండు అల్లితే సూది మీద ఎనిమిది కుట్లే మిగులుతాయి. ఊలు తుంచి వాటిలోంచి దూర్చి లాగితే టోపీ మూసుకుంటుంది. కాగితం అక్కర్లేదు, ఫోన్ చూడక్కర్లేదు. కళ్లు కిటికీకి, చెవులు మావారి కబుర్లకి ఇవ్వచ్చు.

మాకిద్దరికీ ఇందులో పని పంచుకోవడం అలవాటైంది. వరసల లెక్క ఆయనది. సుడోకు పుస్తకం అంచున గీతలు పెడుతూ ఉంటారు. “ఏమండీ, ఇరవై అయ్యాయా?” అంటే, “పద్దెనిమిదే, కంగారు పడకు” అంటారు. రిబ్బు కాజీపేట దాకా. రామగుండం దాటాక గోదావరి వంతెన మీదికి బండి ఎక్కేటప్పుడు మాత్రం సూదులు ఒళ్లో పెట్టేస్తాను. మేమిద్దరం కిటికీ దగ్గరికి జరిగి నదికి దణ్ణం పెట్టుకుంటాం. వానలు పడ్డాక నిండుగా ఉంటుంది, ఎండాకాలంలో ఇసుక మేటలు. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక కొంతదూరం అడవులు వస్తాయి, ఆ పచ్చదనంలో సాదా నిట్ వరసలు ఎన్ని అల్లామో తెలియదు. నాగపూర్ వచ్చేసరికి తగ్గింపుల్లో ఉంటాను. శీతాకాలమైతే అక్కడ కమలాపళ్లు కొంటాం. చేతులు తుడుచుకోకుండా మళ్లీ ఊలు పట్టుకోవద్దు, లేత రంగు మీద ఆ పసుపు మరక ఒక పట్టాన పోదు.

నర్మద దాటేది చీకటి పడ్డాకే. ఆ వేళకి పెట్టెలో లైట్లు వేస్తారు కానీ ఆ వెలుతురులో ముదురు నీలం, నలుపు ఊలు మీద కుట్టు కనపడదు. లేత రంగు అని మొదట్లో అన్నది అందుకే. బూడిద, లేత గులాబీ, గోధుమ రంగులైతే రాత్రి భోజనం దాకా అల్లుకోవచ్చు. పదింటికి పక్కలు వేసే వేళ అయితే ఎలాగూ ఆపేయాలి, పక్కవాళ్లు పడుకోవాలి కదా.

సీట్ల విషయంలో నా అభిప్రాయం: సెకండ్ ఏసీలో సైడ్ లోయర్, సైడ్ అప్పర్ జంటకి అల్లికకి అన్నిటికన్నా బాగుంటాయి. పగలు కింది బెర్త్ రెండు సీట్లవుతుంది, ఎదురెదురుగా కూర్చోవచ్చు, మోచెయ్యి తగలడానికి పక్కన ఎవరూ ఉండరు, కిటికీ మొత్తం మనదే. పొడుగు మనుషులకి మాత్రం సైడ్ బెర్త్ చాలదు. మావారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పైకెక్కడం మానేశాం, ఇప్పుడు లోయర్ కోటాలో చూస్తాం. మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 ఏళ్లు నిండితే, ఒకరో ఇద్దరో ప్రయాణిస్తే ఆ కోటా వర్తిస్తుంది. 2020 మార్చిలో ఆగిన వృద్ధుల రాయితీ మళ్లీ ఇస్తే మాలాంటి వాళ్లకి ఎంతో మేలు. ఇది నేను గట్టిగానే కోరుకుంటున్నాను. రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపు 120 రోజులు ఉండేది. సైడ్ జత కావాలంటే తెరిచిన రోజే చేసుకోవాలి.

ఒకసారి ఎదురు బెర్త్‌లో ఒక పంజాబీ పెద్దావిడ కూర్చుంది. నా టోపీ కేసి కాసేపు చూసి చెయ్యి చాచింది. గుండ్రంగా కలిపే చోట మొదటి వరసలో ఒక మెట్టులా వస్తుంది కదా, అది రాకుండా ఉండాలంటే చివరి కుట్టునీ మొదటి కుట్టునీ ఒకదాని మీదుగా ఒకటి దాటించి తావులు మార్చాలట. మాటలు పెద్దగా కలవలేదు కానీ వేళ్లతో చూపించింది. అప్పటి నుంచి నా టోపీలకి అంచు ఎక్కడ మొదలైందో వెతికినా దొరకదు. సర్క్యులర్ సూదుల మీద ఎన్నో వీడియోలు చూశాను, ఆ చిన్న కిటుకు మాత్రం బండిలోనే నేర్చుకున్నాను.

ఇంటి పనులు వేరు. వానాకాలం మొదలవగానే పెద్దవి ఎత్తుకుంటాను, హైదరాబాద్ ఎండల్లో ఒళ్లో స్వెటర్ బరువు భరించలేం. జడల డిజైన్ స్వెటర్‌కి టేబుల్, కాగితం, మంచి దీపం, ఎవరూ పలకరించని గంట కావాలి. చిలపల్లో, అంటే ఉండ చుట్టని పొడుగు చుట్టల్లో, ఊలు కొంటే ఉండ చుట్టే పని కూడా ఇంట్లోనే అవుతుంది. మావారు రెండు చేతులకీ చిలప తగిలించుకుని కూర్చుంటారు, నేను చుడతాను. మరీ బిగించి చుడితే ఊలు సాగిపోయి, ఉతికాక అల్లిక కుంచించుకుపోతుంది. అందుకని రెండు వేళ్లు లోపల ఉంచి వదులుగా చుట్టాలి.

ఊలు రకాల్లో నా అనుభవం ఇది. లూధియానా కంపెనీల ఊలు, వర్ధమాన్, ఓస్వాల్, హైదరాబాద్‌లో సులువుగా దొరుకుతాయి. నూరు శాతం అక్రిలిక్ మెషీన్‌లో ఉతుక్కోవచ్చు, గుచ్చుకోదు, పసిపిల్లలకి అదే నయం. కానీ చంకల దగ్గర, మోచేతుల దగ్గర ఉండలు కడుతుంది, ఉతికిన కొద్దీ రిబ్బు సాగుతుంది. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకూడదు, ఒక్కసారి పెడితే బట్ట చచ్చుబడిపోతుంది, మళ్లీ లేవదు. ఢిల్లీ జనవరి చలికి అక్రిలిక్ సరిపోదు. మా అల్లుడికి అల్లిన అసలు ఊలు స్వెటర్ ఇన్నేళ్లయినా ఆకారం చెడలేదు, బయట బండి నడిపేటప్పుడు అదే వేసుకుంటాడు. దానికి కావాల్సినది చేత్తో ఉతకడం, పరిచి ఆరబెట్టడం, మన వాతావరణంలో పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేసి దాచడం. రైలుకి నేను ఎంచుకునేది రెండూ కలిసిన ఊలు, బరువు తక్కువ, జారదు.

డిసెంబర్, జనవరిలో ప్రయాణమైతే ఒక ఉండ ఎక్కువే పెట్టుకోండి. పొగమంచుకి ఉత్తరాదిలో బండ్లు గంటల తరబడి ఆగిపోతాయి. పని అయిపోయి చేతులు ఖాళీగా కూర్చుంటే ఆ ఆలస్యం భరించడం కష్టం. ఆ అదనపు ఉండ కూడా మిగతా వాటితో పాటే, ఒకే లాట్ నంబరు చూసి కొనాలి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయ మారుతుంది, దుకాణం వెలుగులో తెలియదు, ఎండలో చార కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఉండ మీది లేబుల్ పారేయకుండా సంచి లోపలి జేబులో ఉంచుకోండి. ఢిల్లీ దుకాణాల్లో తక్కువ పడ్డ ఊలు వెతుక్కోవాల్సి వస్తే ఆ చిన్న కాగితమే ఆధారం.